నిష్పత్తి – అనుపాతం

నిష్పత్తి అనగా ఒకే జాతికి చెందిన రెండు రాశులలో ఒకటి మరొకదానికి ఎన్ని రెట్లు లేదా ఎన్నో వంతు అని తెలియజేసే సంబంధం. రెండు నిష్పత్తులు సమానమైనపుడు అందులోని నాలుగు రాశులు అనుపాతంలో ఉన్నాయని అంటారు.  తెలుగు రాష్ట్రాలలో విద్యార్థులు దీనిని ఆరవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వరకు విడతలు విడతలుగా చదువుతారు. భారతీయ గణితంలో దీనికి పాత పేరు త్రైరాశికం. తెలిసిన మూడు రాశుల నుండి తెలియని నాలుగవ రాశిని రాబట్టే పద్ధతి కనుక ఆ పేరు వచ్చింది.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా పూర్వపు వరంగల్లు ప్రాంతం నుండి, అనగా నేటి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల నుండి తీసుకొన్నవి. ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. ఇక్కడి భూమి కొలతలు, ధాన్యం లెక్కలు, ఒకప్పటి నిజాం నాణేల మారకం, అన్నీ నిష్పత్తి మీదనే నడిచాయి. లెక్క తప్పితే నష్టం పుస్తకంలో మార్కులతో ఆగేది కాదు.

నిర్వచనం

క, చ అనే రెండు రాశుల నిష్పత్తిని క : చ అని రాస్తారు. దీనిని "క ఈజ్ టు చ" అని బడులలో చదివే అలవాటు ఉన్నా, "క కు చ కు గల నిష్పత్తి" అనడం తెలుగు పద్ధతి. మొదటి పదాన్ని పూర్వపదం అనీ, రెండవదాన్ని పరపదం అనీ అంటారు. నిష్పత్తి విలువ క ÷ చ. కాబట్టి రెండు పదాలనూ ఒకే సంఖ్యతో (సున్న కానిది) గుణించినా, భాగించినా నిష్పత్తి మారదు.

భూపాలపల్లి జిల్లా చెల్పూరు వద్ద ఉన్న కాకతీయ తాప విద్యుత్ కేంద్రంలో మొదటి దశ సామర్థ్యం 500 మెగావాట్లు, రెండవ దశ సామర్థ్యం 600 మెగావాట్లు. వీటి నిష్పత్తి 500 : 600. రెండింటినీ 100తో భాగిస్తే 5 : 6. ఇది కనిష్ఠ రూపం. ఇక్కడ "మెగావాట్లు" అనే మాట రెండు పదాలలోనూ ఉన్నందున కొట్టివేయబడింది. అందుకే నిష్పత్తికి ప్రమాణం ఉండదు, అది వట్టి సంఖ్య.

పదాల వరుస ముఖ్యం. 5 : 6 వేరు, 6 : 5 వేరు. రెండవదాన్ని మొదటిదానికి విలోమ నిష్పత్తి అంటారు.

రెండు రాశులు వేరువేరు జాతులకు చెందినవైతే వచ్చేది నిష్పత్తి కాదు, దర అవుతుంది. అదే భూపాలపల్లి ప్రాంతపు ఉపరితల గనులలో ఒక టన్ను బొగ్గు తీయడానికి దానిపైనున్న మట్టిని ఎన్ని ఘనపు మీటర్లు తొలగించాలి అనే లెక్క వేస్తారు. గని లాభమా నష్టమా తేల్చే సంఖ్యలలో ఇదొకటి. ఒక వైపు ఘనపు మీటర్లు, మరో వైపు టన్నులు ఉన్నందున దీనిని ప్రమాణంతో సహా చెప్పాలి. వాడుకలో దీనినీ నిష్పత్తి అనే అంటారు. అందులో పెద్ద దోషం లేదు కాని ప్రమాణం రాయడం మరువరాదు.

ఒకే ప్రమాణం: ఎకరాలు, గుంటలు

నిష్పత్తి కట్టే ముందు రెండు రాశులనూ ఒకే ప్రమాణంలోకి మార్చాలి. పాఠ్యపుస్తకాలలో ఈ మాట ఒక్క వాక్యంలో ముగుస్తుంది. తెలంగాణ పల్లెలలో మాత్రం దీనిని పట్టాదారు పాసు పుస్తకం చేతిలో పెట్టుకొని నేర్చుకోవలసి ఉంటుంది.

తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 121 చదరపు గజాలు, ఎకరం 4,840 చదరపు గజాలు. రికార్డులలో ఎకరాలకూ గుంటలకూ మధ్య ఒక చుక్క పెట్టి రాస్తారు. 2.20 అని ఉంటే అది రెండు ఎకరాల ఇరవై గుంటలు, అనగా రెండున్నర ఎకరాలు. ఇది దశాంశ బిందువు కాదు. కోస్తా ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు కనుక అక్కడ 2.20 అంటే రెండు ఎకరాల ఇరవై సెంట్లు, నిజంగానే 2.2 ఎకరాలు. అదే చుక్క, అవే అంకెలు, కాని రెండు చోట్ల రెండు వేరు విస్తీర్ణాలు. తేడా 30 సెంట్లు, అంటే 12 గుంటలు. ఒక గుంట రెండున్నర సెంట్లకు సమానం.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2018లో ప్రారంభించిన రైతుబంధు పథకంలో ఒక్కో పంటకాలానికి ఎకరాకు 4,000 రూపాయలు ఇచ్చారు. 2019 నుండి అది 5,000 అయింది. 2025లో మొదలైన రైతు భరోసాలో 6,000 రూపాయలు. సొమ్ము విస్తీర్ణానికి అనుపాతంలో వస్తుంది. 5,000 చొప్పున 2.20 విస్తీర్ణానికి రావలసినది 2.5 × 5,000 = 12,500 రూపాయలు. క్యాలిక్యులేటరులో 2.20 × 5,000 అని నొక్కినవారికి 11,000 కనిపిస్తుంది. ఖాతాలో ఎక్కువ పడిందని సంబరపడినా, ఇంకొక చోట ఇదే తప్పుతో కౌలు తక్కువ తీసుకొన్నా, మూలం ఒక్కటే.

పంపకాలలో ఈ తప్పు ఇంకా విచిత్రంగా బయటపడుతుంది. 4.20 విస్తీర్ణం గల చేనును ఇద్దరికి 2 : 1 పాళ్ళలో పంచాలి అనుకొందాం. సరైన పద్ధతిలో మొత్తాన్ని గుంటలలోకి మార్చాలి. 4 × 40 + 20 = 180 గుంటలు. మొత్తం పాళ్ళు 2 + 1 = 3. ఒక్కో పాలు 60 గుంటలు. మొదటివారికి 120 గుంటలు (3 ఎకరాలు), రెండవవారికి 60 గుంటలు (1 ఎకరం 20 గుంటలు). దశాంశంగా భావించి 4.20ని మూడుతో భాగిస్తే 2.80, 1.40 వస్తాయి. 80 గుంటలంటే రెండు ఎకరాలు కనుక 2.80 నాలుగు ఎకరాలు అవుతుంది, 1.40 రెండు ఎకరాలు అవుతుంది. నాలుగున్నర ఎకరాల చేను కాగితం మీద ఆరు ఎకరాలుగా పెరిగిపోయింది. గుంటల స్థానంలో 39కి మించిన సంఖ్య కనిపిస్తే లెక్కలో ఎక్కడో తప్పు జరిగినట్లే.

పాళ్ళు వేసి పంచుట

పైన చేసిన పంపకం ఒక సాధారణ నియమానికి ఉదాహరణ. ఒక మొత్తాన్ని క : చ నిష్పత్తిలో విభజించాలంటే మొదటి భాగం మొత్తంలో క ÷ (క + చ) వంతు, రెండవ భాగం చ ÷ (క + చ) వంతు. 2 : 1 అంటే మొదటివాడికి సగం కాదు, మూడింట రెండు వంతులు. నిష్పత్తిలోని అంకెలను భిన్నంలోని అంకెలుగా పొరబడటం విద్యార్థులు తరచుగా చేసే తప్పు. పాలు అనే తెలుగు మాటే ఈ పొరపాటు నుండి కాపాడుతుంది. "మూడు పాళ్ళు చేసి రెండు పాళ్ళు ఇవ్వు" అన్నవారికి భాగించవలసిన సంఖ్య మాటలోనే దొరుకుతుంది.

జనగామ సమీపంలోని పెంబర్తి గ్రామం ఇత్తడి, కంచు పనికి ప్రసిద్ధి. ఇత్తడి రాగి, యశదముల మిశ్రమలోహం. ఏ పనికి ఏ పాళ్ళు అనేది మారుతుంది. రేకుగా సాగగొట్టడానికి అనువైన ఇత్తడి రకాలలో ఒకటి రాగి 70 పాళ్ళు, యశదం 30 పాళ్ళు కలది. అంటే 7 : 3. అటువంటి ఇత్తడి 12 కిలోలు కావాలంటే రాగి 12 × 7 ÷ 10 = 8.4 కిలోలు, యశదం 3.6 కిలోలు.

మూడు పదాల నిష్పత్తి కూడా ఉంటుంది. తోటలలో బూజు తెగుళ్ళకు వాడే ఒక శాతం బోర్డో మిశ్రమంలో మైలుతుత్తం, సున్నం, నీరు 1 : 1 : 100 చొప్పున ఉంటాయి (కిలో, కిలో, వంద లీటర్లు). 25 లీటర్లే కావాలంటే ఒక్కొక్కటి పావు కిలో. ఇక్కడ లీటరు నీరు కిలో బరువు ఉంటుంది కనుక ప్రమాణాల తేడా ఇబ్బంది పెట్టదు.

అనుపాతం

క : చ, ట : త అనే నిష్పత్తులు సమానమైతే క : చ :: ట : త అని రాస్తారు. నాలుగు చుక్కల గుర్తును పదిహేడవ శతాబ్దంలో ఆంగ్ల గణితజ్ఞుడు విలియం ఆట్రెడ్ వాడుకలోకి తెచ్చాడు. ఇప్పుడు దాని బదులు సమాన చిహ్నం రాసినా సరిపోతుంది. క, త లను అంత్యములు అనీ, చ, ట లను మధ్యమములు అనీ అంటారు. వీటికి సంబంధించిన మూల నియమం ఇది.

అంత్యముల లబ్ధం = మధ్యమముల లబ్ధం, అనగా క × త = చ × ట.

దీనికి కారణం సులభం. క ÷ చ = ట ÷ త అయినపుడు రెండు వైపులా చ × త తో గుణిస్తే ఎడమవైపు క × త, కుడివైపు చ × ట మిగులుతాయి. బడిలో దీనినే అడ్డ గుణకారం అంటారు. నియమాన్ని కంఠస్థం చేసి కారణం వదిలివేయడం వల్లనే చాలామంది ఏ సంఖ్యను ఎక్కడ పెట్టాలో తెలియక తికమక పడతారు.

మధ్యమములు రెండూ సమానమైతే, అనగా క : చ :: చ : త అయితే, చ ని క, త ల అనుపాత మధ్యమం అంటారు. 4, 9 ల అనుపాత మధ్యమం 6, ఎందుకంటే 6 × 6 = 4 × 9.

త్రైరాశికం

ఆర్యభటుడు క్రీ.శ. 499లో రచించిన ఆర్యభటీయంలోని గణితపాదంలో త్రైరాశిక సూత్రం ఉంది. బ్రహ్మగుప్తుడు (628), మహావీరాచార్యుడు (తొమ్మిదవ శతాబ్దం), లీలావతి గ్రంథకర్త భాస్కరాచార్యుడు (1150) దీనిని విస్తరించారు. గ్రీకులలో యూక్లిడ్ తన గ్రంథపు అయిదవ భాగమంతా అనుపాతాలకే కేటాయించాడు. అయితే అతని దృష్టి రేఖల మీద, సిద్ధాంతం మీద. భారతీయుల దృష్టి అంగడి మీద, ధాన్యం మీద, వడ్డీ మీద. ఐరోపా వర్తకులు తరువాతి కాలంలో ఈ మూడు రాశుల పద్ధతిని సువర్ణ సూత్రమని మెచ్చుకొన్నారు.

తెలుగులో ఈ విద్యను పద్యాలలో చెప్పినవాడు పావులూరి మల్లన. ఆయన సారసంగ్రహ గణితము తెలుగులో తొలి గణిత గ్రంథంగా ప్రసిద్ధి పొందింది. మల్లన పదకొండవ శతాబ్దం వాడని ఎక్కువమంది అభిప్రాయం. ఈ గ్రంథానికి మూలం మహావీరాచార్యుని గణితసారసంగ్రహం అనే సంస్కృత గ్రంథం. మూలంలో త్రైరాశికానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. కావ్యాలతో పాటే గణితమూ తెలుగులోకి వచ్చిందనడానికి ఇది సాక్ష్యం. సాహిత్య చరిత్రలలో దీనికి దక్కిన చోటు మాత్రం తక్కువే.

త్రైరాశికంలోని రాశులకు పేర్లు ఉన్నాయి. తెలిసిన జంటలో మొదటిది ప్రమాణం, దానికి వచ్చినది ఫలం. మనం తెలుసుకోగోరినది ఇచ్ఛ, దానికి రావలసినది ఇచ్ఛాఫలం. సూత్రం ఇది.

ఇచ్ఛాఫలం = ఫలం × ఇచ్ఛ ÷ ప్రమాణం.

15 కిలోల ఎండుమిరపకాయలకు 2,700 రూపాయలైతే 40 కిలోలకు ఎంత? ఇక్కడ ప్రమాణం 15, ఫలం 2,700, ఇచ్ఛ 40. ఇచ్ఛాఫలం 2,700 × 40 ÷ 15 = 7,200 రూపాయలు. మూడు రాశులను ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అనే వరుసలో రాస్తే మొదటిది, చివరిది ఒకే జాతివి (కిలోలు) అవుతాయి, నడుమ ఉన్నది వేరు జాతి (రూపాయలు). రాసిన వరుసను చూడగానే తప్పు తెలిసిపోయే ఏర్పాటు ఇది. నేటి అడ్డ గుణకారంలో ఈ సౌకర్యం లేదు.

ఇదే లెక్కను ఏకవస్తు మార్గంలో కూడా చేయవచ్చు. ఒక కిలోకు 180 రూపాయలు, కాబట్టి 40 కిలోలకు 7,200. చిన్న తరగతులకు ఇదే మేలు.

హాలీ, కల్దారు: ఒక చారిత్రక ఉదాహరణ

నిజాం పాలనలో ఉన్న హైదరాబాదు రాజ్యానికి సొంత నాణెం ఉండేది. దానిని హాలీ సిక్కా అనేవారు. బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనేవారు. రెండూ రూపాయలే, రెండింటికీ పదహారు అణాలే, అణాకు పన్నెండు పైసలే. కాని విలువలు సమానం కావు. 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానమన్నది అధికారిక మారకం. ఆనాటి లెక్కలలో 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ అని కనిపించే సంఖ్య ఈ 7 : 6 నుండి వచ్చినదే. 100 × 7 ÷ 6 = 116 రూపాయలు, మిగిలిన మూడింట రెండు వంతుల రూపాయి సరిగ్గా 10 అణాల 8 పైసలు.

మానుకోట (మహబూబాబాదు) కాజీపేట నుండి బెజవాడ వెళ్ళే రైలు మార్గంలో ఉంది. మానుకోటలో హాలీ చెల్లుతుంది, బెజవాడ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నందున అక్కడ కల్దారు చెల్లుతుంది. రైలు దిగిన మనిషి జేబులోని డబ్బుకు కొత్త లెక్క వేసుకోవాలి.

బెజవాడలో సరుకు అమ్మి 84 కల్దార్లు తెచ్చుకొన్న మనిషికి ఇక్కడ ఎన్ని హాలీ రూపాయలు రావాలి? 6 కల్దార్లకు 7 హాలీ. ప్రమాణం 6, ఫలం 7, ఇచ్ఛ 84. ఇచ్ఛాఫలం 7 × 84 ÷ 6 = 98. నిష్పత్తిని తలకిందులు చేసినవాడు 84 × 6 ÷ 7 = 72 అంటాడు. 26 రూపాయల నష్టం. ఈ తప్పును లెక్క లేకుండానే పట్టవచ్చు. హాలీ విలువ తక్కువ, కనుక అదే విలువకు హాలీ రూపాయల సంఖ్య ఎక్కువ ఉండాలి. 84 కంటే తక్కువ వచ్చిందంటే నిష్పత్తి తిరగబడింది.

దీనికంటే సూక్ష్మమైన తప్పు ఒకటుంది. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు కనుక హాలీని కల్దారుగా మార్చేటపుడు ఏడో వంతు తీసివేస్తే చాలు. 98లో ఏడో వంతు 14, మిగిలేది 84. మరి 84ను తిరిగి హాలీగా మార్చడానికి ఏడో వంతు కలపాలా? 84లో ఏడో వంతు 12, మొత్తం 96. రెండు రూపాయలు తగ్గాయి. కలపవలసినది ఆరో వంతు. 84లో ఆరో వంతు 14, మొత్తం 98. రెండింటి నడుమ ఉన్న తేడా ఒక్కటే, కాని అది ఏడుతో పోలిస్తే ఏడో వంతు, ఆరుతో పోలిస్తే ఆరో వంతు. దేనితో పోలుస్తున్నామన్నదే ఇక్కడ కీలకం. వందకు రెండు రూపాయలు కళ్ళ ముందే పోయినా అడగలేని తప్పు ఇది, ఎందుకంటే లెక్క చూడడానికి న్యాయంగానే కనిపిస్తుంది.

హైదరాబాదు రాజ్యం 1948లో భారతదేశంలో కలిసిన తరువాత భారత రూపాయి ఇదే 7 : 6 చొప్పున చలామణిలోకి వచ్చింది. 1950లలో హాలీ సిక్కా క్రమంగా రద్దయింది. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి వంద నయాపైసలు రావడంతో అణాల లెక్క కూడా పోయింది.

ధాన్యం, బియ్యం, తేమ

హాలీ లెక్కలోని పొరపాటే నేటి ధాన్యం కొనుగోళ్ళలోనూ కనబడుతుంది. ప్రభుత్వం మిల్లులకు ధాన్యం ఇచ్చి పచ్చి బియ్యం తీసుకొన్నపుడు 100 కిలోల ధాన్యానికి 67 కిలోల బియ్యం రావాలన్నది లెక్క. 1,500 కిలోల ధాన్యానికి 1,005 కిలోల బియ్యం. తిరిగి ప్రశ్నిస్తే, 1,000 కిలోల బియ్యం కావాలంటే ఎంత ధాన్యం కావాలి? ధాన్యంలో 33 శాతం పోతుంది కనుక బియ్యానికి 33 శాతం కలిపి 1,330 కిలోలు అనేవారు ఉంటారు. దాన్ని మరపట్టిస్తే వచ్చేది 891 కిలోలే. సరైన సమాధానం 1,000 × 100 ÷ 67, సుమారు 1,492.5 కిలోలు. 33 శాతం అన్నది ధాన్యంలో, బియ్యంలో కాదు.

తేమ లెక్క ఇంకా ఆసక్తికరం. కేంద్ర ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల ప్రకారం కొనుగోలు ధాన్యంలో తేమ 17 శాతం మించరాదు. 20 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యాన్ని కల్లంలో ఆరబోసి 17 శాతానికి తెచ్చాక ఎంత తూగుతుంది? 20 నుండి 17 తీస్తే 3, కనుక 97 కిలోలు అనిపిస్తుంది. అది తప్పు.

ఎండలో పోయేది నీరు మాత్రమే. గింజలోని పొడి పదార్థం మారదు. మొదట పొడి పదార్థం 80 కిలోలు. ఆరిన తరువాత 17 శాతం తేమ అంటే పొడి పదార్థం 83 శాతం. కాబట్టి 83 : 100 :: 80 : మొత్తం బరువు. మొత్తం బరువు = 80 × 100 ÷ 83 = 96.39 కిలోలు (సుమారు). తగ్గినది 3 కాదు, 3.61 కిలోలు. ఆరిన ధాన్యంలోని 17 శాతం కొత్త బరువులో 17 శాతం, పాత వందలో కాదు. తేమ 24 శాతం ఉన్నపుడు 76 × 100 ÷ 83 = 91.57 కిలోలు, తగ్గుదల 8.43. తీసివేతతో చూస్తే 7 మాత్రమే.

40 కిలోల బస్తాకు ఇదే వర్తింపజేస్తే, 20 శాతం తేమ నుండి 17కి వచ్చేసరికి బస్తా 38.55 కిలోలకు దిగుతుంది. తగ్గేది సుమారు 1.45 కిలోలు. అందుచేత తడి ధాన్యానికి తరుగు తీస్తే దానికి లెక్క ఉంది. కాని కల్లంలో రోజులకొద్దీ ఆరబోసి తేమ 17 శాతానికి తెచ్చిన ధాన్యానికి మళ్ళీ తేమ పేరుతో బస్తాకు కిలో, రెండు కిలోలు తరుగు తీస్తే దానికి ఈ లెక్కలో ఆధారం లేదు. ఆ నీటి బరువును రైతు అప్పటికే కల్లంలో వదులుకొన్నాడు. తేమ ఎంత అన్న సంఖ్య, తరుగు ఎంత అన్న సంఖ్య రెండూ తెలిస్తే పై అనుపాతంతో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

అనులోమం, విలోమం

ఒక రాశి పెరిగితే రెండవది అదే రెట్టున పెరగడం అనులోమానుపాతం. కిలోలు, రూపాయలు ఇటువంటివి. ఒక రాశి పెరిగితే రెండవది అదే రెట్టున తగ్గడం విలోమానుపాతం. పాత గ్రంథాలలో దీనికి వ్యస్త త్రైరాశికం అని పేరు.

ఒక పొలంలో 12 మంది నాటు వేయడానికి 5 రోజులు పడితే 15 మందికి ఎన్ని రోజులు? మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి. ఇక్కడ గుణించి భాగించే సంఖ్యలు తారుమారవుతాయి. 12 × 5 ÷ 15 = 4 రోజులు. విలోమానుపాతంలో స్థిరంగా ఉండేది రెండు రాశుల లబ్ధం (12 × 5 = 60 కూలి దినాలు), అనులోమంలో స్థిరంగా ఉండేది వాటి భాగఫలం. ఏది స్థిరమో ముందు తేల్చుకొంటే సూత్రం గుర్తుపెట్టుకోనవసరం లేదు. తేమ లెక్కలో పొడి పదార్థం స్థిరమని పట్టుకోవడం కూడా ఇటువంటిదే.

రాశులు మూడు జంటలైతే పంచరాశికం. 12 మంది 5 రోజులలో 10 ఎకరాలు నాటితే 18 మంది 4 రోజులలో ఎన్ని ఎకరాలు నాటుతారు? 60 కూలి దినాలకు 10 ఎకరాలు, 72 కూలి దినాలకు 12 ఎకరాలు.

గోదావరి ప్రవాహాన్ని చెప్పే క్యూసెక్కులు, జలాశయ నిల్వను చెప్పే టీఎంసీల నడుమ సంబంధం కూడా అనులోమమే. క్యూసెక్కు అంటే క్షణానికి (సెకనుకు) ఒక ఘనపు అడుగు. రోజుకు 86,400 సెకన్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. కనుక రోజంతా సుమారు 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. కాళేశ్వరం వద్ద లక్ష క్యూసెక్కులు అని వరద వార్త విన్నపుడు దానిని రోజుకు 8.64 టీఎంసీలుగా మార్చుకోవచ్చు.

నీడ, పటం

ఒకే వేళలో నిలువు వస్తువుల ఎత్తులు వాటి నీడలకు అనుపాతంలో ఉంటాయి. 3 అడుగుల కర్ర నీడ 2 అడుగులు ఉన్నపుడు తాటిచెట్టు నీడ 30 అడుగులైతే చెట్టు ఎత్తు 3 × 30 ÷ 2 = 45 అడుగులు. చెట్టు ఎక్కకుండానే ఎత్తు తెలిసింది. గణితసారసంగ్రహంలో నీడల లెక్కలకు కూడా ఒక అధ్యాయం ఉంది.

సర్వే ఆఫ్ ఇండియా పటాలలో ఒక రకానికి స్కేలు 1 : 50,000. పటం మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. ఇది పొడవుల నిష్పత్తి. వైశాల్యాల నిష్పత్తి దీని వర్గం. నేల మీది ఒక చదరపు కిలోమీటరు పటంలో 4 చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది, 2 కాదు.

అనుపాతం పనిచేయని సందర్భాలు

రెండు రాశులు కలిసి పెరిగినంత మాత్రాన అవి అనుపాతంలో ఉన్నట్లు కాదు. చతురస్రాకారపు స్థలం భుజాన్ని రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. 10 గజాల భుజానికి 100 చదరపు గజాలు, 20 గజాల భుజానికి 400. ఇళ్ళకు వచ్చే కరెంటు బిల్లులో యూనిట్లు పెరిగేకొద్దీ శ్లాబు మారి యూనిట్ ధర పెరుగుతుంది కనుక రెట్టింపు వాడకానికి బిల్లు రెట్టింపు కంటే ఎక్కువే. ఆటో ఛార్జీలో కనీస మొత్తం ఉంటుంది కనుక దూరం సగమైనా ఛార్జీ సగం కాదు. పది మంది కూలీలు ఒక బావిని తవ్వే రోజులను వెయ్యి మందికి లెక్కవేస్తే గంటల్లో తేలుతుంది, కాని బావిలో వెయ్యి మంది పట్టరు.

పరీక్ష సులభమే. ఒక రాశి సున్న అయినపుడు రెండవది కూడా సున్న అవుతుందా? మొదటిది రెట్టింపైతే రెండవది సరిగ్గా రెట్టింపవుతుందా? రెండింటికీ అవునని వస్తేనే అనులోమ త్రైరాశికం వాడాలి. కరెంటు బిల్లు రెండవ ప్రశ్న దగ్గర, ఆటో ఛార్జీ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.